పాటపోటీలు – న్యాయనిర్ణేతలు : నెల్లూరు సీమ ఆధారముగ ఒక పరిశీలనము

కళాచరిత్రములలో కళాకారుని గూర్చి విశేషముగ వ్రాయబడినది గాని, ఆ కళాకారుని విని తీర్పు చెప్పినవానిని గూర్చి వ్రాయబడినది స్వల్పము. కవి యున్నచోట కవిని పరీక్షించిన సభ యుండెను. నటుడున్నచోట బహుమతిని నిర్ణయించిన పరిషత్తు ఉండెను. గాయకుడున్నచోట అతని కంఠము నామోదించిన పరీక్షకమండలి యుండెను. ఎవరి పాట లోకమునకు దక్కినది, ఎవరి పాట దక్కలేదు అను ప్రశ్నకు సమాధానము కొంత కళాకారుని ప్రతిభలోను, కొంత ఈ నిర్ణేతల విచక్షణలోను ఉన్నది. గత ముప్పది సంవత్సరములుగా తెలుగునాట ఈ తీర్పు టెలివిజను తెరమీదికి వచ్చి, ఇంటింటివారు చూచుచుండగా జరుగు కార్యమైనది. ఈ మార్పునకు పూర్వరూపము లెవ్వి, అది ఎట్లు రూపొందినది, దానివలన పాటకును భాషకును కలిగిన లాభనష్టము లెవ్వి అను విషయములు ఈ వ్యాసమున పరిశీలింపబడును.

ఈ పరిశీలనమునకు నెల్లూరు సీమను కేంద్రముగ గైకొనుటకు హేతువు కలదు. తెలుగు టెలివిజను పాటపోటీలలో మొదట ఎన్నదగినది 1996లో ఈటీవీయందు ప్రారంభమైన 'పాడుతా తీయగా'. దీని పేరు 1964లో విడుదలయైన 'మూగమనసులు' చిత్రములోని పాట పల్లవినుండి గ్రహింపబడినది. ఆ పాటను రచించిన ఆచార్య ఆత్రేయ 1921లో నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట ప్రాంతమునందలి మంగళంపాడులో జన్మించినవాడు. ఆ కార్యక్రమమును రెండు దశాబ్దములకు పైగా నడిపి, దానికి ప్రధాననిర్ణేతగా నిలిచిన ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యము (1946–2020) నెల్లూరివాడు. 2022లో 'తెలుగు ఇండియన్ ఐడల్' మొదటి పోటీలో విజేతగా నిలిచిన వాగ్దేవి నెల్లూరి యువతి. ఆ పోటీ నిర్ణేతలలో ఒకరైన సంగీతదర్శకుడు తమన్, నెల్లూరు జిల్లాలో పుట్టిన చిత్రదర్శకుడు ఘంటసాల బలరామయ్యకు మనుమడు. పేరు పెట్టుటకు మూలమైన కవి, తీర్పు చెప్పిన గాయకుడు, గెలిచిన యువతి, మరియొక నిర్ణేత పూర్వీకుడు, ఈ నలువురును ఒకే సీమకు చెందుట కేవలము యాదృచ్ఛికమని త్రోసివేయరాదు. దీనికి గల చారిత్రకకారణములు ముందు వివరింపబడును.

కవికి కవియే నిర్ణేత యగుట నెల్లూరికి క్రొత్త కాదు. 13వ శతాబ్దమున మనుమసిద్ధి ఆస్థానమున నున్న తిక్కన కేవలము కృతికర్త మాత్రమే కాడు, కృతిభర్త కూడ. కేతన తన దశకుమారచరిత్రమును తిక్కనకు అంకితమొనర్చి, అభినవదండి యను ప్రశస్తి నందెను. రాజులకును దేవతలకును కృతు లంకితమగు కాలమున ఒక కవి వేరొక కవికి కావ్యము నంకితమిచ్చుట యనగా, ఆ కావ్యము మేలెంతో తెలియుటకు సహృదయుడైన కవికి మించిన ప్రమాణము లేదని ఒప్పుకొనుటయే. విద్య తెలిసినవాడే విద్యకు తీర్పరి కావలెనను ఈ సూత్రము మన సంప్రదాయమున మిక్కిలి ప్రాచీనమైనది.

ఐనను ఈ సూత్రము వివాదములను నివారింపలేకపోయెను. 15వ శతాబ్దమున శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల సభలో గౌడడిండిమభట్టును జయించి అతని కంచుఢక్కను పగులగొట్టించిన వృత్తాంతము సాహిత్యచరిత్ర పాఠకులకు సుపరిచితము. అచ్చట ఓటమి యనగా ఓడినవాని బిరుదచిహ్నము నశించుటయే. ఆధునికకాలమున అవధానవిద్య ఈ కాఠిన్యమును కొంత సడలించెను. అష్టావధానమున పృచ్ఛకుడు ప్రశ్న వేయువాడు. ఆ ప్రశ్న కఠినమైనను అది అవధానిని పడద్రోయుటకు గాక అతని శక్తిని బయల్పరచుటకు ఉద్దేశింపబడినది. ఐనను తిరుపతి వేంకటకవులకును కొప్పరపు కవులకును నడుమ నడచిన వాదములను చూచినచో, సభ్యులు రెండు పక్షములుగా చీలుటయు, తీర్పును శంకించుటయు ఆనాడును కలవని తెలియును. కావున నేటి టెలివిజను పోటీల తగవులను చూచి ఇట్టివి మునుపెన్నడును లేవని వాపోవుట చరిత్రకు విరుద్ధము.

20వ శతాబ్దమున ఈ తీర్పు రెండు సంస్థల చేతికి వచ్చెను. మొదటిది నాటకపరిషత్తు. 1929లో తెనాలిలో ఆరంభమైన ఆంధ్రనాటక కళాపరిషత్తు, దాని ననుసరించి పట్టణములలో వెలసిన ఇతర పరిషత్తులు పోటీనాటకములను ఒక వ్యవస్థగ నెలకొల్పెను. ఊరూర ఉత్తమనటుడు, ఉత్తమగాయకుడు అను బహుమతులు, వానిని నిర్ణయించుటకు పెద్దలు, ఆ నిర్ణయముపై మరునాటి చర్చలు మధ్యతరగతి తెలుగువారి జీవితమున భాగములయ్యెను. రెండవది ఆకాశవాణి. 1938లో మదరాసులోను, 1948లో విజయవాడలోను వెలసిన రేడియోకేంద్రములు గాయకులను పరీక్షించి శ్రేణులుగా విభజించు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1952 నుండి 1962 వరకు కేంద్ర ప్రసారశాఖామంత్రిగ నున్న బి. వి. కేస్కర్ కాలమున ఈ పరీక్షావిధానము బలపడెను. అదే కాలమున సినిమాపాట ఆకాశవాణిలో చాలవరకు నిరోధింపబడగా శ్రోతలు రేడియో సిలోను వైపు మరలిరి. ఈ సంఘటనము మన విషయమునకు చాల ముఖ్యము. ప్రభుత్వనిర్ణేత శాస్త్రీయసంగీతమును కోరగా, జనులు సినిమాపాటను కోరిరి. ఈ రెంటి నడుమ ఏర్పడిన అగాధమును పూడ్చు నిర్ణేత అప్పటికింకను పుట్టలేదు.

ఇక నెల్లూరి స్థితిని చూతము. పెన్న ఒడ్డున, బంగాళాఖాతమునకు సమీపమున నున్న ఈ పట్టణము మదరాసునకు సుమారు 175 కిలోమీటర్ల దూరములో, విజయవాడ–మదరాసు రైలుమార్గముపై నున్నది. దానికి దక్షిణముగ గూడూరు కూడలిస్టేషను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడి మదరాసు తెలుగువారికి దక్కకపోయినను, తెలుగు చలనచిత్ర పరిశ్రమ ఆ పిమ్మట కూడ దశాబ్దములపాటు ఆ నగరముననే ఉండెను. అనగా ఆంధ్రరాష్ట్రపు మిగిలిన జిల్లాలలో పెక్కింటికి మదరాసు దూరపు నగరము కాగా, నెల్లూరివారికి అది ఒక పగటి ప్రయాణము. నాటకసమాజములు, హరికథలు, త్యాగరాజ స్మరణోత్సవములు గల ఊరు ఒకవైపు, పాటను వృత్తిగ మార్చగల నగరము వేరొకవైపు. ఇట్టి ఎడములో పుట్టినదే ఈ సీమయొక్క గానచరిత్ర.

బాలసుబ్రహ్మణ్యము తండ్రి సాంబమూర్తి హరికథకుడు. హరికథ యనునది ఒక్కడే గాయకుడై, నటుడై, వ్యాఖ్యాతయై సభను గంటలతరబడి నిలుపు కళ. అందు పాటకును మాటకును నడుమ గోడ లేదు. పద్యము పాడినవాడే దాని తాత్పర్యమును వచనమున విప్పును, నడుమ ఒక పిట్టకథ చెప్పి నవ్వించును, మరల కథలోనికి గొనిపోవును. తరువాతి కాలమున టెలివిజనులో పోటీ నడిపిన బాలసుబ్రహ్మణ్యమునందు ఈ హరికథకుని లక్షణము లన్నియు కనబడుననుట అతిశయోక్తి కాదు. పాట ముగియగనే దాని పుట్టుకను చెప్పుట, కవిని స్మరించుట, ఒక హాస్యవృత్తాంతము నుడువుట, పిదప దోషమును మెత్తగ చూపుట హరిదాసుల పద్ధతియే. నిర్ణేతయొక్క భాష తండ్రి గజ్జెలనుండి వచ్చినదని చెప్పదగును.

ఇచ్చట ఒక సంఘటనమును ప్రత్యేకముగ పేర్కొనవలెను. ఇది బాలసుబ్రహ్మణ్యము సభలలో పలుమారులు చెప్పుకొన్నది. ఆయన విద్యార్థిగ నున్నపుడు నాటి నెల్లూరు జిల్లాలోని గూడూరులో జరిగిన ఒక పాటలపోటీలో ఆయనకు రెండవ బహుమతి లభించెను. ఆ సభకు అతిథిగ వచ్చిన గాయని ఎస్. జానకి, ఆ బాలునికి మొదటి బహుమతి రావలసియుండెనని సభాముఖముననే పలికి, సినిమాలలో పాడుటకు యత్నింపుమని ప్రోత్సహించెను. జానకి కూడ పోటీలద్వారమున వచ్చినదే. 1956లో ఆకాశవాణి పోటీలో రెండవ బహుమతి పొంది రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు చేతిమీదుగ దానిని గ్రహించెను. రెండవ బహుమతి పొందిన యొక గాయని, రెండవ బహుమతి పొందిన వేరొక గాయకుని విషయమున నిర్ణేతల తీర్పును ప్రశ్నించుట ఇందలి విశేషము. దీనినుండి రెండు విషయములు గ్రహింపవచ్చును. తీర్పు చెప్పిన పెద్దలు చెవిటివారు కారు. కాని వారు చూచినది ఆనాటి పాటను. జానకి విన్నది రానున్న కంఠమును. వృత్తియందున్న కళాకారునికే ఈ రెండవ వినికిడి సాధ్యము.

అటుపిమ్మట 1960 దశకపు తొలి సంవత్సరములలో మదరాసులో తెలుగువారి సాంస్కృతికసంస్థ యొకటి జరిపిన నూతనగాయకుల పోటీలో బాలసుబ్రహ్మణ్యము మొదటి బహుమతి నందెను. ఆయన కంఠమును గుర్తించిన సంగీతదర్శకుడు ఎస్. పి. కోదండపాణి 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న' చిత్రమున పాడించెను. ఆ పాట 1966 డిసెంబరు 15న ధ్వనిముద్రిత మయ్యెను. శిష్యుడు తరువాత తన ధ్వనిముద్రణశాలకు గురువు పేరు పెట్టుకొనెను. శాస్త్రీయసంగీతమును గురుముఖమున క్రమముగ నభ్యసింపని ఈ గాయకుడే 'శంకరాభరణము' పాటలకు జాతీయపురస్కారము నందుట యందరెరిగినదే. అందువలన ఆయనకు ఇరువైపుల వారి కష్టమును తెలిసియుండెను. శాస్త్రము తెలియక భయపడు పల్లెటూరి బాలునిదియు, శాస్త్రము తెలిసి భావము పట్టుబడని విద్వత్కుమారునిదియు ఆయనకు అనుభవవేద్యములు. పైన చెప్పిన అగాధమును, అనగా ఆకాశవాణి కోరిన శాస్త్రమునకును జనులు కోరిన పాటకును నడుమ నున్న దానిని, పూడ్చదగిన నిర్ణేత ఇట్లు సిద్ధపడెను.

టెలివిజను చరిత్రను సంగ్రహముగ చెప్పిన చాలును. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో నెలకొన్నది. ఈటీవీ 1995 ఆగస్టు 27న ప్రారంభమైనది. అదే సంవత్సరము మే నెలలో హిందీలో జీ టీవీ 'స రి గ మ' పోటీని ఆరంభించెను. మరుసటియేడు 'పాడుతా తీయగా' వచ్చెను. తరువాత లోకమున ప్రసిద్ధమైన బ్రిటిషు 'పాప్ ఐడల్' 2001లోను, 'అమెరికన్ ఐడల్' 2002లోను, హిందీ 'ఇండియన్ ఐడల్' 2004లోను ఆరంభమయ్యెను. ఈ తేదీలను బట్టి, మన టెలివిజను పాటపోటీ పాశ్చాత్యపు ఐడల్ పోటీలకు అనుకరణమను వాదము నిలువదు. పోటీ యను ఊహ ఏ ఒక్క దేశపు సొత్తును కాదు. అమెరికాలో 1935 నాటికే రేడియోలో నూతనగాయకుల పోటీలు ప్రసిద్ధములు.

అయితే ఐడల్ పోటీకిని మన పోటీకిని గల భేదము మౌలికమైనది. ఐడల్ పోటీలో నిర్ణేత మొదటి దశలలో వడపోయును. తుదిలో ప్రేక్షకుల ఓటు ప్రభువగును. అందు నిర్ణేతయొక్క పరుషవాక్యము కూడ ప్రదర్శనలో భాగము. 'పాడుతా తీయగా'లో తీర్పు సంగీతసాహిత్యములు తెలిసినవారిది. ప్రధాననిర్ణేతతోపాటు సంగీతదర్శకులు, గాయకులు, గీతరచయితలు అతిథులై వచ్చి తీర్పున పాలుగొనిరి. మొదటిది లోకమతము, రెండవది విద్వన్మతము. ఈ రెంటిలో ఏది న్యాయ్యమను ప్రశ్న తేలికది కాదు. లోకమతమున ధనము, ఊరి అభిమానము, టెలిఫోను సౌకర్యము పనిచేయును. విద్వన్మతమున వ్యక్తుల ఇష్టానిష్టములు, గురుశిష్య సంబంధములు పనిచేయుట కవకాశము కలదు. మొదటి దానికి సంఖ్య రక్ష. రెండవ దానికి నిర్ణేతయొక్క శీలము తప్ప వేరు రక్ష లేదు.

బాలసుబ్రహ్మణ్యము తీర్పు చెప్పిన తీరులో ముఖ్యముగ మూడంశములు గమనింపదగినవి. మొదటిది ఉచ్చారణము. ళకార లకారముల భేదము, ణకార నకారముల భేదము, శ ష స ల వివేకము, ఒత్తక్షరముల స్పష్టత మున్నగువానిని ఆయన శ్రుతిలయలతో సమానముగ ఎన్నెను. తెలుగు చదువు బడులలో తగ్గుచున్న కాలమున, తెలుగుపాటను వేరు లిపులలో వ్రాసికొని పాడు పిల్లలు వచ్చుచున్న కాలమున, ఒక టెలివిజను కార్యక్రమము వర్ణోచ్చారణమును కోట్లమంది యెదుట చర్చించుట భాషాచరిత్రకారులు నమోదు చేసికొనవలసిన విషయము. రెండవది కర్తృత్వస్మరణము. పాడు ముందు చిత్రము పేరు, కవి పేరు, సంగీతదర్శకుని పేరు చెప్పు మర్యాద వలన, శ్రోతలకు కేవలము నటుని పాటగ తెలిసినది కవి రచనగ తెలియవచ్చెను. మూడవది దోషమును చూపు విధము. ముందు గుణమును చెప్పి పిదప దోషమును చెప్పుట, చెప్పి విడువక తాను పాడి చూపుట గురువు చేయు పని. నిర్ణేత తీర్పుతో నిలిచిపోవును, గురువు తీర్పు దగ్గర మొదలుపెట్టును. ఈ రెండు పాత్రల నొక్కనియందు కలుపుటయే ఆయన విశిష్టత.

ఫలితములను చూచినచో, ఉష, కౌసల్య, గోపికాపూర్ణిమ, మల్లికార్జున, స్మిత మొదలైన గాయనీగాయకులు ఈ వేదికనుండి వెలుగులోనికి వచ్చిరి. వీరిలో స్మిత తరువాత జీ తెలుగువారి పోటీలో నిర్ణేతగ కూర్చుండెను. అదే పీఠమున బాలసుబ్రహ్మణ్యము చెల్లెలు ఎస్. పి. శైలజయు ఉండెను. పోటీదారు నిర్ణేత యగుట, గూడూరు వృత్తాంతమున మనము చూచిన పరంపరకు కొనసాగింపు. బాలసుబ్రహ్మణ్యము కన్నడమున 'ఎదె తుంబి హాడువెను' అను కార్యక్రమమును కూడ నడిపి ఇదే రీతిని అచ్చటికిని గొనిపోయెను.

ఇక ఆక్షేపణలను విచారింతము. ఈ పోటీలు పాత సినిమాపాటను మరల మరల పాడించి అనుకర్తలను తయారుచేయుచున్నవనునది మొదటి ఆక్షేపణ. ఇందు సత్యము కలదు. ఘంటసాలవలె పాడుట, సుశీలవలె పాడుట మెప్పునకు దారియైనపుడు స్వీయముద్ర వెనుకబడును. పోటీకి వచ్చు పాట దాదాపుగ సినిమాపాటయే యగుటచే పదము, జావళి, తత్త్వము, స్త్రీల పాట, సముద్రతీరపు పల్లెలలో వలలు లాగువారి పాట వెనుకకు పోయినవి. ఒకప్పుడు ఆకాశవాణి సినిమాపాటను వెలివేసెను. ఇప్పుడు సినిమాపాట తక్కినవానిని వెలివేయుచున్నది. నిర్ణేత ఎంత న్యాయశీలుడైనను, తనముందుకు రాని పాటకు మార్కులు వేయజాలడు. నా అభిప్రాయమున ఈ పోటీల ముఖ్యలోపము తీర్పులో లేదు, తీర్పునకు వచ్చు సామగ్రిలో ఉన్నది.

రెండవ ఆక్షేపణ పిల్లలకు సంబంధించినది. పసివారి ఓటమిని, కన్నీటిని ప్రదర్శనవస్తువు చేయుట తగదు. ఈ విషయమున 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసారశాఖ, పిల్లల నృత్యపోటీలను గూర్చి ప్రైవేటు చానెళ్లకు హెచ్చరిక రూపమైన సలహానిచ్చెను. గురుస్వభావము గల నిర్ణేత యున్నచోట ఈ ప్రమాదము తగ్గును గాని నశింపదు; ఏలనన పోటీయొక్క నియమమే ఒకరిని నిలిపి పలువురను పంపివేయుట.

2020 సెప్టెంబరు 25న బాలసుబ్రహ్మణ్యము చెన్నపట్టణమున దివంగతుడయ్యెను. 2021లో 'పాడుతా తీయగా' మరల ఆరంభమైనపుడు ఏర్పాటు మారెను. కార్యక్రమనిర్వాహకుడు ఆయన కుమారుడు చరణ్. నిర్ణేతలు గీతరచయిత చంద్రబోసు, గాయని సునీత, గాయకుడు విజయప్రకాశ్. అనగా పూర్వ మొక్కడు వహించిన పాత్రలు నలువురకు పంచబడెను. వ్యాఖ్యాత వేరు, పదమును చూచువాడు వేరు, గానమును చూచువారు వేరు. ఇది ఒక వ్యక్తి లోటును వ్యవస్థతో పూరించు యత్నము. 2025లో జరిగిన రజతోత్సవ పోటీలకు సంగీతదర్శకుడు కీరవాణియు నిర్ణేతగ నుండెను. ఆ సంవత్సరము ఏప్రిల్‌లో ఒక యువగాయని తన తొలగింపు న్యాయముగ జరుగలేదని బహిరంగముగ ఆరోపింపగా, నిర్ణేతలలో ఒకరును నిర్మాణసంస్థవారును ఆ ఆరోపణలను నిరాకరించిరి. అందలి సత్యాసత్యములను తేల్చుట ఈ వ్యాసమునకు పని కాదు. చరిత్రదృష్టితో గమనింపదగిన దేమనగా, విద్వన్మతమునకు నిర్ణేత శీలమే రక్ష యని పైన చెప్పితిమి; ఆ రక్షపై నమ్మకము సడలినపుడు ఆశ్రయించుటకు వ్రాతపూర్వకమైన ప్రమాణములు కావలసివచ్చును. శ్రుతికెంత, లయకెంత, ఉచ్చారణమునకెంత, భావమునకెంత అను లెక్క పోటీదారునకును ప్రేక్షకునకును ముందుగ తెలిసియున్నచో శంకకు తావు తగ్గును. మన అలంకారశాస్త్రము గుణదోషములను పేరుపేరున విభజించి చెప్పినది ఇందులకే గదా. తీర్పు వ్యక్తి రుచిమీద మాత్రమే నిలువరాదని పూర్వులకు తెలియును.

ఈ నడుమ 2022లో ఆహా యను అంతర్జాల ప్రసారసంస్థ 'తెలుగు ఇండియన్ ఐడల్' నారంభించెను. తమన్, నిత్యామేనన్, కార్తీక్ నిర్ణేతలు. ఆ యేడు జూన్ 17న వెలువడిన తుదిపోటీలో వాగ్దేవి విజేత యయ్యెను. గూడూరు సభలో బాలుడు పాడిననాటికిని దీనికిని నడుమ దాదాపు ఆరు దశాబ్దము లున్నవి. ఆనాడు నెల్లూరి గాయకుడు మదరాసు రైలెక్కి ఒక సంగీతదర్శకుని చెవికి తన పాటను చేర్చవలసియుండెను. నేడు దారి హైదరాబాదువైపు మరలినది, వినువారు లక్షలైరి. కాని గెలిచినవారికి పిమ్మట చిత్రములలో అవకాశము లభించునా అను ప్రశ్న నాటివలెనే నేడును కలదు. కోదండపాణి వంటివాడు ఒక పోటీ పిమ్మట శిష్యుని చేయిపట్టుకొని నడిపించెను. నేటి పోటీ విజేతను ప్రకటించి మరుసటి పోటీకి సిద్ధమగును.

బాలసుబ్రహ్మణ్యము 2020 ఫిబ్రవరిలో నెల్లూరు తిప్పరాజువారి వీథిలోని తన ఇంటిని వేదపాఠశాల నిమిత్తము కంచి కామకోటి పీఠమున కప్పగించెను. ఆయన మరణానంతరము నెల్లూరిలోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టబడెను. ఈ రెంటిలో రెండవది మన విషయమునకు దగ్గరది. పోటీ ప్రతిభను కనిపెట్టగలదు గాని పెంచజాలదు, పెంచునది పాఠశాల. పోటీలకు ప్రేక్షకులు లక్షలుండగా పాఠశాలకు విద్యార్థులును ఉపాధ్యాయులును చాలినంత లేకున్నచో, కొంతకాలమునకు తీర్పు చెప్పుటకు అర్హులే కరవగుదురు.

పరిశోధకులకు ఇందు చేయవలసిన పని చాల ఉన్నది. మూడు దశాబ్దముల ప్రసారములలో నిర్ణేతలు పలికిన వ్యాఖ్యలను సేకరించి, ఉచ్చారణదోషములను వర్గీకరించినచో తెలుగు వర్ణవ్యవస్థలో కలుగుచున్న మార్పులకు అది చక్కని ఆకరమగును. పోటీలలో పాడబడిన పాటల పట్టికను కూర్చినచో ఏ కవి, ఏ దశాబ్దము తెలుగువారి స్మృతిలో నిలిచినదో తేలును. నెల్లూరు, గూడూరు, కావలి వంటి పట్టణములలో 1950–60 లలో పాటలపోటీలు జరిపిన సమాజముల కరపత్రములు, ఆహ్వానపత్రికలు ఇండ్లలోని పాతపెట్టెలలో చెదలపాలు కాకముందే సేకరింపవలెను. రెండవ బహుమతి పొందిన బాలుని పేరు లోకమునకు తెలియుటకు ఒక జానకి ఆ సభలో ఉండుట కారణమయ్యెను. అట్టి అతిథి లేని సభలలో రెండవ బహుమతి నంది ఇంటికి మరలినవారి పేర్లు ఆ కాగితములలోనే ఉన్నవి.